ట్రౌట్ లేని ఊళ్ళో ట్రౌట్ గాలం

ట్రౌట్ కూడా మనలాగే బదిలీ మీద వచ్చిన చేప. దాని సొంత ఊరు మన దేశం కాదు. కశ్మీరు ఏళ్ళలోని చల్లటి నీళ్ళు చూసి ఇంగ్లీషువాళ్ళకి తమ ఊరి చేప గుర్తొచ్చిందట. 1899లో బెడ్‌ఫర్డ్ డ్యూక్ అక్కణ్ణుంచి పంపించిన గుడ్లు దారిలోనే పాడైపోయాయి. మరుసటి ఏడు, అంటే 1900లో, స్కాట్లండు నుంచి మళ్ళీ తెప్పిస్తే అవి బతికి బట్టకట్టాయి. శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపే ఫ్రాంక్ మిచెల్ వాటిని పెంచాడు. 1909లో కశ్మీరు నుంచి కులూ లోయకి వెళ్ళాయి. దక్షిణాన నీలగిరులకీ ట్రౌట్ అలాగే వచ్చింది. మొదటిసారి పంపిన సామాను పగిలిపోయి, రెండోసారి క్షేమంగా చేరడం మన ఇళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు కదా. మా స్టీలు బీరువా తలుపు నాగపూర్ నుంచి ఇప్పటిదాకా సరిగ్గా పడదు.

ఇదంతా నాకు నాన్న చెప్పారు. నాన్నది వాతావరణ శాఖ. నేను ఆరో తరగతిలో ఉండగా కులూ లోయకి బదిలీ అయింది. అక్కడ పత్లీకూహల్‌లో ప్రభుత్వ ట్రౌట్ పెంపకం కేంద్రం ఉంది. ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాం. పొడుగాటి సిమెంటు కాలవల్లో మంచు కరిగిన నీళ్ళు పరుగెడుతుంటే, ఒంటి నిండా చుక్కలున్న చేపలు ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలబడి ఉన్నాయి. ఈదుతూనే ఉన్నాయి, కానీ ఉన్నచోటే ఉన్నాయి. అమ్మ రెండు కొని చింతపండు పులుసు పెట్టింది. ట్రౌట్‌ని పులుసు పెట్టిన మొదటి మనిషి మా అమ్మే అయి ఉంటుందని నాన్న అన్నారు. గిన్నె మాత్రం ఖాళీ అయింది.

ఆ తరవాత నాన్నకి ఫ్లై ఫిషింగ్ పిచ్చి పట్టింది. ఆఫీసులో ఒక స్థానికుడు నేర్పుతానన్నాడు. జీతంలోంచి నెలనెలా కొంత దాచి, ఒక ఫ్లై రాడ్ తెప్పించుకున్నారు. అది మామూలు గాలం లాంటిది కాదు. మామూలు గాలానికి ఎర బరువుంటుంది, సీసం గుండు బరువుంటుంది, ఆ బరువే దారాన్ని దూరంగా లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈగ. ఈక ముక్కలూ దారం పోగులూ కలిపి కొక్కెం చుట్టూ కట్టిన ఉత్తుత్తి ఈగ. దాన్ని విసిరితే గుమ్మం కూడా దాటదు. అందుకని ఇక్కడ దారానికే బరువు పెడతారు. లావుగా, నున్నగా పూత పూసిన దారం. రాడ్‌తో ఆ దారాన్ని కొరడాలా వెనక్కి విసిరి, మళ్ళీ ముందుకి విసిరితే, చివరన వేలాడే ఈగ దాని వెంట ఊరికే ప్రయాణం చేస్తుంది. దారానికీ ఈగకీ మధ్య కంటికి కనపడని సన్నటి టంగీసు ఉంటుంది, చేపకి అనుమానం రాకుండా.

ఇందులో కష్టమంతా వెనక్కి విసిరాక ఆగడంలో ఉంది. దారం వెనక పూర్తిగా సాగేదాకా ఆగాలి. ముందే తొందరపడితే కొరడా దెబ్బలా ఛెళ్ళుమని ఈగ తెగిపోతుంది. ఎక్కువసేపు ఆగితే వెనక నేల మీద పడిపోతుంది. ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు, చెయ్యికే తెలియాలి.

ఇక అసలు విషయం. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ పట్టకూడదు. అది గుడ్లు పెట్టే కాలం. రాడ్ మా ఇంటికి నవంబరులో చేరింది. చలికాలం నాలుగు నెలలూ నాన్న క్వార్టర్స్ వెనక మైదానంలో, కొక్కెం బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టి, గడ్డి మీద విసురుతూ గడిపారు. పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. నాకూ నేర్పారు. ఒక బకెట్టు దూరంగా పెట్టి ఉన్ని ముక్క అందులో పడేలా విసరమనేవారు. మార్చి 1న లైసెన్సు తీసుకుని నదికి వెళ్ళాలని కేలండర్‌లో గుండ్రంగా గీశారు.

ఫిబ్రవరిలో బదిలీ ఆర్డరు వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్.

అప్పుడు నాన్న ఏమీ అనలేదు. రాడ్‌ని నాలుగు ముక్కలుగా విడదీసి, గొట్టంలో పెట్టి మూత బిగించారు. అమ్మ అమ్మేద్దామంది. మా ఇంట్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. నాగపూర్‌లో సగం నేర్చుకున్న నా తబలా, అమ్మ కులూలో మొదలుపెట్టిన శాలువా నేత, నాన్న ఎక్కడో మొదలుపెట్టిన గుజరాతీ. వీటిలో కొన్నింటికి సామానుంటుంది, ఆ సామాను ట్రక్కులో మనతో తిరుగుతూ ఉంటుంది. మీ ఇంట్లో కూడా అటక మీద ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

అండమాన్‌లో ట్రౌట్ ఎందుకుండదో ఎనిమిదో తరగతి సైన్సు చాలు. ట్రౌట్‌కి చల్లటి నీళ్ళు, బోలెడంత ప్రాణవాయువు కావాలి. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. ఇక్కడ సముద్రమే 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. నది అని చెప్పుకోదగ్గది ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్. అది శాడిల్ పీక్ దగ్గర్లో పుడుతుంది. ఆ కొండ ఈ దీవులన్నిటిలోకీ ఎత్తైనది, అయినా 732 మీటర్లే. మంచు సంగతి దేవుడెరుగు, స్వెట్టరు కూడా అక్కర్లేదు. ఆ గొట్టం రెండేళ్ళకి పైగా మా బీరువా మీద పడి ఉంది. ఊరి పేరు కూడా ఈలోపల మారిపోయింది. 2024 సెప్టెంబరు నుంచి ఇది శ్రీవిజయపురం. నేను రాసేటప్పుడు ఒకటి, మాట్లాడేటప్పుడు ఒకటి వాడుతున్నాను.

పదకొండో తరగతిలో నా పక్క బెంచీ అమ్మాయి జంగ్లీఘాట్ నుంచి వస్తుంది. వాళ్ళు తెలుగువాళ్ళు, కానీ బదిలీ మీద వచ్చినవాళ్ళు కాదు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950లలో, ఇక్కడ చేపలు పట్టడానికి మనుషులు కావాలని ప్రభుత్వం మన తీరం నుంచి మత్స్యకార కుటుంబాలని తీసుకొచ్చింది. కేరళ నుంచీ వచ్చారు. ఆ తరవాత చుట్టాల వెంట చుట్టాలు శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఓడెక్కారు. మా స్నేహితురాలి తాతని వాళ్ళమ్మ చంకలో పెట్టుకుని ఓడ దిగిందట. ఆయన శ్రీకాకుళం చూసింది నాలుగుసార్లే. కానీ ఆయన మాట వింటే మా నాయనమ్మ మళ్ళీ మాట్లాడుతున్నట్టుంటుంది. మా నాయనమ్మ మేం కులూలో ఉండగా పోయింది. ఆఖరిసారి ఫోన్లో ఆమె "ఏటి గుంటా, ఎప్పుడొత్తావు" అనడిగింది. అలా అడిగే గొంతు మళ్ళీ వింటాననుకోలేదు, అదీ సముద్రం మధ్యలో.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తాత వరండాలో కూర్చుని గేలాలు కడుతున్నాడు. గాలం కాదు, ఆయన మాటలో గేలం. ఒకే టంగీసుకి వరసగా ఆరు కొక్కేలు. ప్రతి కొక్కేనికీ తెల్ల కోడిపుంజు మెడ ఈక ఒకటి, పాత చీర అంచులోంచి లాగిన జరీ పోగొకటి పెట్టి, దారంతో బిగించి చుడుతున్నాడు. నేను అలాగే చూస్తూ ఉండిపోయాను. ట్రౌట్ ఫ్లైలకి వాడేది కూడా కోడిపుంజు మెడ ఈకే. నాన్న ఈగల డబ్బాలో ఉన్నవాటికి ఇవి అన్నదమ్ముల బిడ్డల్లా ఉన్నాయి, కాకపోతే పది రెట్లు పెద్దవి.

"ఇవి దేనికి తాతా?" అంటే "కానగుర్తలకి" అన్నాడు. గుంపు వచ్చినప్పుడు పడవలోంచి ఈ తాడు దింపి పైకీ కిందికీ ఆడిస్తే, ఈకల్ని చిన్న చేపలనుకుని మింగేస్తాయట. ఎర ఖర్చు లేదు.

కానగుర్త గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో మన తీరంలో ఉంటూ, విశాఖపట్నంలో దొరికిన 200 చేపల బొమ్మలు వేయించి, వాటి స్థానిక పేర్లతో సహా 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. దాన్ని చూసి 1816లో కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ చేప శాస్త్రీయ నామంలోనే మన మాట పెట్టేశాడు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు ప్రయోగశాలలోనైనా దాన్ని రాస్ట్రెల్లిగర్ కానగుర్త అనే రాయాలి. బయాలజీ తీసుకున్నవాళ్ళు గమనించండి. ఇంగ్లీషులో రక్తపింజరికి ఉన్న పేరు కూడా ఆ రస్సెల్‌దే. తాతకి ఈ సంగతి చెబితే ఏమీ ఆశ్చర్యపోలేదు. "మరింకేటని పిలుత్తారు?" అన్నాడు.

నేను నాన్న రాడ్ గురించి చెప్పాను. తీసుకురమ్మన్నాడు.

వచ్చే మార్చికి నాన్నకి ఇక్కడ మూడేళ్ళు నిండుతాయి. ఇష్టమైన ఊళ్ళు మూడు రాసివ్వమని ఫారం వచ్చింది. అది ఫ్రిజ్ మీద ఉంది. రాడ్ తీసుకెళ్దాం అంటే నాన్న ముందు "సముద్రం దగ్గర దాంతో పనేంటమ్మా" అన్నారు. రెండు రోజుల తరవాత, నేనేమీ అనకుండానే, రాత్రి భోజనాలయ్యాక గొట్టం మూత తీసి నాలుగు ముక్కలూ బల్ల మీద పరిచి మెత్తటి గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. అమ్మ నా వైపు చూసింది. నేను హోంవర్కు వైపు చూశాను.

బర్మానాలా ఊరికి దక్షిణంగా, చిడియాటాపు వెళ్ళే దారిలో ఉంది. ఆటు వచ్చినప్పుడు అక్కడ నీళ్ళు వెనక్కి తగ్గి, నల్లటి రాతి పలకలు బయటపడతాయి. మొదట నేను క్రీక్ దగ్గర అయితే గాలి తక్కువని అన్నాను, తాత ససేమిరా అన్నాడు. మడ చెట్లున్న చోట, క్రీక్ సముద్రంలో కలిసే చోట మొసళ్ళుంటాయి. ఇక్కడ ఉప్పునీటి మొసలి కథల్లోది కాదు, కొన్ని బీచిల్లో బోర్డులు మీరూ చూసే ఉంటారు. రాళ్ళ మీదైనా నీళ్ళు మోకాలు దాటకూడదని, బూట్లు విప్పకూడదని, పగడపు దిబ్బ మీద కాలు పెట్టకూడదని ముందే చెప్పాడు.

నాన్న రాడ్ బిగించి దారం ఎక్కిస్తుంటే తాత చుట్టూ తిరిగి చూశాడు. "ఇది గేలమా బాబూ, బూజులు దులిపే కర్రా?"

"ఏటి గేలం బాబాయ్. మూడేళ్ళ కింద కొన్నాను, ఇప్పటిదాకా నీళ్ళు తాకలేదు" అన్నారు నాన్న. ఆయన నోట "ఏటి" అనే మాట నేను నాయనమ్మతో మాట్లాడేటప్పుడు తప్ప ఎప్పుడూ వినలేదు.

నాన్న డబ్బా తెరిచారు. ట్రౌట్ ఈగలు దోమంతేసి ఉన్నాయి. నదుల్లో రాళ్ళ కింద పెరిగే కొన్ని పురుగులు రెక్కలొచ్చి, మన వైపు తొలకరికి ఉసిళ్ళు లేచినట్టు, ఒక్కసారిగా లేస్తాయి. వాటిలో కొన్ని ఒకటి రెండు రోజులే బతుకుతాయి. ఆ రోజు ఏ పురుగు లేచిందో చూసి, అచ్చం దాని పోలికతో ఉన్న ఈగని కట్టాలి. నిన్నటి పురుగు వేస్తే ట్రౌట్ మొహం తిప్పుకుంటుందట. నాన్న ఇదంతా చెబుతుంటే తాత ఓపికగా విన్నాడు. విని, చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశాడు.

"ఈ సంద్రంలో ఆ దోమని ఏ సేప సూత్తాది? ఇక్కడివి తరిణి తింతాయి. తరిణి లాగుండాల."

తరిణి అంటే ఇక్కడ కవళ్ళు. వేలెడంత వెండి చేపలు. తాత డబ్బాలో తెల్ల ఈకా జరీ పోగూ కలిపి కట్టిన ఈగలు ఆరున్నాయి. నాన్న రాడ్ గురించి నేను చెప్పిన మర్నాటి నుంచీ కూర్చుని, బరువు లేకుండా, ఒక్కొక్కటే విడిగా కట్టాడని మా స్నేహితురాలు తరవాత చెప్పింది.

నాన్న మొదటి విసురు గాలికి తిరిగొచ్చి ఆయన టోపీ మీదే పడింది. రెండోది వెనక మొగలి పొదలో చిక్కుకుంది. కులూ మైదానంలో గాలి లేని సాయంత్రాలు ఎంచుకుని నేర్చుకున్న చెయ్యి అది. ఇక్కడ గాలి మనల్ని అడగదు. నాన్న రోజూ గాలి వేగం కొలిచి రాసే మనిషి, అందుకని తాతకి ఇంకా నవ్వొచ్చింది. "గాలి మీ ఆఫీసులో గాదు బాబూ, నీటి మీద సూడాల." నీటి మీద నల్లటి గీతలా ముడత పరిగెత్తుకొస్తుంటే అది గాలి విసురు. అది దాటిపోయాక కొన్ని క్షణాలు నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆ సందులో వెయ్యాలి. ఈ మాట ఫ్లై రాడ్ ఎప్పుడూ పట్టుకోని మనిషి చెప్పాడు.

గంటన్నర గడిచింది. పోటు మొదలై నీళ్ళు రాళ్ళ మధ్యకి పాకుతూ వస్తున్నాయి. నాన్నకి నాలుగైదు మంచి విసుర్లు పడ్డాయి కానీ చేప లేదు. ఆయన రాడ్ నా చేతికిచ్చి రాయి మీద కూర్చున్నారు. మొహం చూస్తే అలిసినట్టు లేదు, మైదానంలో ఉన్ని ముక్క విసిరే రోజుల్లోలా ఉంది.

నేను నీటి మీద ముడత కోసం చూశాను. అది వచ్చి దాటింది. వెనక్కి విసిరాను, ఆగాను, దారం బరువు వేళ్ళకి తెలిసింది, ముందుకి విసిరాను. ఈగ బకెట్టుకి రెట్టింపు దూరంలో, రెండు రాళ్ళ మధ్య తెల్లటి నురగ అంచున పడింది. తాత చెప్పినట్టు ఎడం చేత్తో దారాన్ని చిన్నచిన్నగా గుంజుతూ లాగాను, భయపడి పారిపోయే తరిణిలాగా. మూడో గుంజుకి దారం ఆగిపోయింది.

రాయికి తగిలిందనుకునేలోపే ఆ రాయి కదిలింది. రాడ్ కొన వంగి నీళ్ళవైపు తల దించింది. రీలు మీద ఉన్న దారం కీచుమని పోతూ ఉంటే నాన్న లేచి "పోనీ, పోనీ, లాగకు" అని అరుస్తున్నారు, తాత "ఇగ్గు, ఇగ్గు, రాళ్ళలోకి పోనిత్తే తెగ్గొడతాది" అని అరుస్తున్నాడు. ఇద్దరి మాటా వినడం ఎలాగో నాకు తెలియలేదు. పోయినంతసేపు పోనిచ్చి, అలిసినప్పుడు చుట్టాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మా స్నేహితురాలు ఫోన్లో తీసిన వీడియో మాత్రం రెండు నిమిషాలే ఉంది, అందులో సగం ఆకాశం.

చివరికి రాళ్ళ మధ్య పళ్ళెంలా పక్కకి తిరిగి వచ్చింది. అరచేతికి కొంచెం పెద్దది. వెండి ఒళ్ళు, తోక దగ్గర గట్టి పొలుసుల గీత. ఇక్కడివాళ్ళు కొకారీ అంటారు, మన తెలుగులో పార. పెద్ద పార అయితే మనిషి ఎత్తుండే రాడ్లనీ విరిచేస్తుందట. దీని బరువు పావు కిలో కూడా ఉండదు. అంత చిన్న ఒంట్లో అంత బలం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ట్రౌట్ గురించి విన్నవన్నీ విన్నాను గానీ, నా చేతికి తెలిసిన మొదటి చేప ఇదే.

తాత చెయ్యి తడుపుకుని పట్టుకుని కొక్కెం తిప్పి తీశాడు. నేను పులుసు సంగతి అడుగుదామనుకుంటుండగా "పిల్ల పార. ఒగ్గీ" అన్నాడు. నీళ్ళల్లో పెట్టాను. ఒక్క క్షణం పత్లీకూహల్ చేపల్లా ఉన్నచోటే నిలబడింది. తరవాత లేదు.

నాన్న రాడ్ తీసుకుని దాని కొన నుంచి మొదలు దాకా మెల్లగా వేళ్ళతో తడిమి చూశారు. ఉప్పు పట్టిందా అని చూస్తున్నారనుకున్నాను. ఇంటికొచ్చాక రీలు విప్పి మంచినీళ్ళలో మూడుసార్లు కడిగారు, ఉప్పు ఉంటే తుప్పు పట్టేస్తుంది. అమ్మ పాత టూత్‌బ్రష్ ఇచ్చింది. అమ్మేద్దామని మాత్రం అనలేదు.

నాన్నకి ఇంకా చేప పడలేదు. మార్చిలోపల పడదని తాత పందెం కాశాడు. పందెం ఒక కోడిపుంజు, ఈకలు ఆయనకి, మిగతాది మాకు. ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. మొదటి గడిలో విశాఖపట్నం అని అమ్మ పెన్సిల్‌తో రాసింది, మిగతా రెండూ ఖాళీ. గొట్టం మాత్రం బీరువా మీద నుంచి దిగి తలుపు పక్కన గొడుగుల దగ్గరికి వచ్చింది. తాత కట్టిన ఈగల్లో నాలుగు మిగిలాయి, అవి నా జామెట్రీ డబ్బాలో ఉన్నాయి.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. తాత ఉదయం అయిదున్నరకే రమ్మన్నాడు. మీలో ఎవరైనా అటువైపు వస్తే చూడ్డానికి రండి, కానీ మా వెనక నిలబడకండి. కొక్కెం వెనక్కి కూడా వస్తుంది.